ఒకే చిప్‌పై గ్యాస్ ఫ్లో సెన్సర్, ఎలక్ట్రానిక్స్: గొట్టం నుంచి క్యాలిబ్రేషన్ దాకా

"సార్, ఆంప్లిఫయర్ సర్క్యూట్ ఒక్కటి పంపండి, మిగతాది మేం చూసుకుంటాం." విశాఖ ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు, పెదగంట్యాడ దగ్గరి మెడ్‌టెక్ జోన్‌లో పనిచేసేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. సర్క్యూట్ పంపడానికి నాకేం ఇబ్బంది లేదు. కాకపోతే సర్క్యూట్‌తో మొదలైన ప్రాజెక్టు ఎక్కడ ఆగుతుందో తెలుసు. ఎన్నో నెలల తర్వాత చిప్ చేతికొస్తుంది, బల్లమీద పెడతారు, అప్పుడు గుర్తొస్తుంది: దీనిమీదికి గాలి ఎటునుంచి తేవాలి?

అందుకే ఇక్కడ పని వరస తిరగేసి చెబుతున్నాను. ముందు గొట్టం, తర్వాత ప్యాకేజీ, ఆ తర్వాతే సెన్సర్. ఆంప్లిఫయర్ వంతు వీటన్నిటి తర్వాత.

మనం మాట్లాడుకునే సెన్సర్ ఇలా ఉంటుంది: మధ్యలో సన్నటి హీటర్, దానికి అటొకటి ఇటొకటి థర్మోపైల్ (ఉష్ణోగ్రత తేడాను వోల్టేజీగా మార్చేది). గాలి కదలనప్పుడు రెండిటికీ ఒకే వేడి తగులుతుంది. గాలి వీస్తే ఎగువది చల్లబడుతుంది, దిగువదానికి వేడి చేరుతుంది. ఆ తేడాయే సిగ్నల్. ఇవన్నీ సిలికాన్‌లో తవ్విన గుంట మీద వంతెనలా వేలాడాలి. ఎందుకంటే సిలికాన్ ఉష్ణవాహకత మీటరు కెల్విన్‌కు సుమారు 150 వాట్లు, గాలిది 0.026. కింద సిలికాన్ ఉన్నంతకాలం మీ హీటర్ చిప్ మొత్తాన్ని వేడి చేయాలని చూస్తూనే ఉంటుంది, ఫలితం ఉండదు.

1. ముందు కాగితం మీద తేలాల్సినవి

- ఏ గ్యాస్? గాలి, నైట్రోజన్, ఆక్సిజన్ వాహకతలు దగ్గరదగ్గరగా ఉంటాయి. కార్బన్ డయాక్సైడ్‌ది 0.017 ప్రాంతం, హీలియంది 0.15. వదిలిన ఊపిరి కొలవాలంటే కార్బన్ డయాక్సైడ్, తేమ రెండూ లెక్కలోకి వస్తాయి.
- ఎంత ప్రవాహం? ఎస్‌సీసీఎమ్‌లో రాయండి. అంటే ప్రామాణిక ఉష్ణోగ్రత, పీడనాల దగ్గర నిమిషానికి ఎన్ని ఘన సెంటీమీటర్లని.
- ప్రవాహం ఒకవైపేనా, రెండువైపులా?
- ఎంత వేగంగా స్పందించాలి? వంతెన దానంతటది మిల్లీసెకన్లలో స్పందిస్తుంది. ఆలస్యం సాధారణంగా గొట్టంలోనే ఉంటుంది.

ఒక చిన్న లెక్క వేయండి. 1 మిల్లీమీటరు వెడల్పు, 1 మిల్లీమీటరు లోతున్న కాలువలో 100 ఎస్‌సీసీఎమ్ పోతే సగటు వేగం సెకనుకు సుమారు 1.7 మీటర్లు. రేనాల్డ్స్ సంఖ్య 110 చుట్టూ వస్తుంది. ప్రవాహం ప్రశాంతంగా, పొరలుపొరలుగా సాగుతుందన్నమాట. కాలువ వెడల్పు, లోతు రెండూ సగానికి తగ్గిస్తే వేగం నాలుగింతలు. సెన్సర్‌ను ముట్టుకోకుండానే సున్నితత్వం పెంచే మార్గం ఇదొకటి, పైగా ఖర్చు లేనిది.

అయితే పరిమితి ఉంది. వేగం బాగా పెరిగాక రెండు థర్మోపైల్స్ కూడా చల్లబడి, సిగ్నల్ పెరగడం మానేసి తిరిగి తగ్గుతుంది. అప్పుడు ఒకే వోల్టేజీకి రెండు ప్రవాహాలు జవాబుగా వస్తాయి. మీ గరిష్ఠ ప్రవాహం ఆ మలుపుకు చాలా ముందే ఆగాలి.

2. గొట్టం, ప్యాకేజీ, ప్యాడ్‌లు: మూడూ ఒకేసారి

మాకు బాగా పనిచేసిన ఏర్పాటు: చిప్‌ను సిరామిక్ ప్యాకేజీలోనో, చిన్న పీసీబీ మీదో అంటించడం, పైన అక్రిలిక్ దిమ్మ. దిమ్మ అడుగున అర మిల్లీమీటరు కాలువ మిల్లింగ్ చేస్తాం. ఆ కాలువ నోరు చిప్ ఉపరితలమే మూస్తుంది.

దీనికోసం చిప్ మధ్యలో ఖాళీ పట్టీ ఉండాలి. కాలువ వెడల్పుకు తోడు, రెండు పక్కలా దిమ్మ అంచు ఆనడానికి కొన్ని వందల మైక్రాన్లు. వైర్ బాండ్‌లు (చిప్ మీది ప్యాడ్‌లను బయటికి కలిపే సన్నటి తీగలు) ఆ పట్టీకి దూరంగా, కాలువకు సమాంతరంగా ఉన్న రెండు అంచుల్లోనే రావాలి. నాలుగు వైపులా ప్యాడ్‌లు పెట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు. దిమ్మ దింపగానే బంగారు తీగలు నలిగిపోతాయి.

ఈ బొమ్మ గీసే దాకా లేఅవుట్ సాఫ్ట్‌వేర్ తెరవొద్దని మా పిల్లలకు చెబుతుంటాను. వినేవాళ్లు తక్కువ.

3. ప్రాసెస్ ఎంచుకోవడం

విశాఖలో కూర్చుని డిజైన్, సిమ్యులేషన్, టెస్టింగ్ చేసుకోవచ్చు. చిప్ తయారీకి బయటికి వెళ్లాల్సిందే. మొహాలీలోని సెమీకండక్టర్ లేబొరేటరీలో 180 నానోమీటర్ సీమాస్ ఉంది. కాలేజీలకు చిప్స్ టు స్టార్టప్ కార్యక్రమం కింద బెంగళూరు సీడాక్‌లోని చిప్‌ఇన్ కేంద్రం నుంచి డిజైన్ టూల్స్ అందుతాయి. ఎచింగ్‌కు, అంటే సిలికాన్‌ను కరిగించి గుంట తవ్వే పనికి, బెంగళూరు ఐఐఎస్‌సీ, ఐఐటీ బొంబాయి క్లీన్‌రూమ్‌లను బయటి పరిశోధకులు వాడుకునే పథకం ఉంది.

ఫౌండ్రీని (చిప్ తయారుచేసే ఫ్యాక్టరీని) అడగాల్సిన ప్రశ్నలు మూడు:

- పాలీసిలికాన్ (హీటర్, థర్మోపైల్ గీసే పొర, పొట్టిగా పాలీ) మీద సిలిసైడ్ (నిరోధం తగ్గించే లోహ-సిలికాన్ పొర) పడకుండా ఆపే మాస్క్ ఉందా? 180 నానోమీటర్లలో పాలీకి మామూలుగా సిలిసైడ్ ఉంటుంది. సిలిసైడ్ పడితే థర్మోపైల్ వోల్టేజీ బాగా పడిపోతుంది, హీటర్ నిరోధం చదరానికి కొద్ది ఓమ్‌లకు దిగిపోతుంది.
- వేఫర్ (చిప్‌లు తయారయ్యే సిలికాన్ బిళ్ల) నాచ్, అంటే స్ఫటిక దిశను చూపే గాటు, ఏ దిశలో ఉంది? దీని అవసరం నాలుగో అంకంలో తెలుస్తుంది.
- ఒకే చోట యాక్టివ్, కాంటాక్ట్, వయా, ప్యాడ్ ఓపెనింగ్‌లు పేర్చితే ఒప్పుకుంటారా? డిజైన్ రూల్స్ దీన్ని తప్పంటాయి. మినహాయింపు రాతపూర్వకంగా తీసుకోండి.

4. సెన్సర్ లేఅవుట్

థర్మోపైల్‌కు ఎన్-పాలీ, పీ-పాలీ జంటలు. వేడి కొన వంతెన మీద, చల్లటి కొన సిలికాన్ మీద. డోపింగ్‌ను (పాలీలో కలిపే మలినాలను) బట్టి మారుతుంది గానీ, ఈ వ్యాసంలో లెక్కలకు జంటకు కెల్విన్‌కు 300 మైక్రోవోల్టులు అనుకుందాం. 10 జంటలైతే కెల్విన్‌కు 3 మిల్లీవోల్టులు.

హీటర్ ఒకటి కాకుండా రెండు పక్కపక్కన పెట్టండి. ఎందుకో ఆఫ్‌సెట్ (సిగ్నల్ లేనప్పుడూ కనిపించే తప్పుడు వోల్టేజీ) దగ్గర చెబుతాను. ఒక్కోదానికి 2 మిల్లీవాట్లు చాలు. వంతెన ఉష్ణ నిరోధం మిల్లీవాట్‌కు 15 కెల్విన్లు ఉందనుకుంటే, మొత్తం 4 మిల్లీవాట్లకు 60 డిగ్రీలు పెరుగుతుంది. అంతకుమించి కాల్చడం వల్ల లాభం తక్కువ, పాలీ నిరోధం క్రమంగా మారిపోవడం ఎక్కువ.

హీటర్ నిరోధం సరఫరా వోల్టేజీకి సరిపోవాలి. 500 ఓమ్‌ల హీటర్‌కు 2 మిల్లీవాట్లంటే 1 వోల్టు, 2 మిల్లీఆంపియర్లు. ఇబ్బంది లేదు. అదే 3 కిలోఓమ్‌లు గీసేస్తే సుమారు 2.45 వోల్టులు కావాలి. 1.8 వోల్టుల సరఫరాతో అది జరగదు. నవ్వకండి, ఈ తప్పు చాలామంది చేస్తారు.

ఇక వంతెన దిశ. సిలికాన్‌ను టీఎమ్‌ఏహెచ్ (టెట్రామిథైల్ అమ్మోనియం హైడ్రాక్సైడ్) ద్రావణం అన్ని వైపులా సమానంగా తినదు. 100 అనే స్ఫటిక తలం వేగంగా కరుగుతుంది, 111 తలం దగ్గర దాదాపు ఆగిపోయి 54.7 డిగ్రీల వాలు గోడ మిగులుస్తుంది. మామూలు వేఫర్‌లో, రెండు కొసలా బిగించిన వంతెనను చిప్ అంచుకు సమాంతరంగా గీస్తే అడుగు ఎప్పటికీ తెగదు. 45 డిగ్రీలు తిప్పి గీయాలి. కొన్ని ఫౌండ్రీల్లో వేఫరే 45 డిగ్రీలు తిరిగి ఉంటుంది. అక్కడ లెక్క తారుమారు. నాచ్ గురించి అడగమన్నది ఇందుకే.

గుంట లోతు కూడా ముందే తెలుస్తుంది. గోడలు కలిసే దాకా వదిలేస్తే లోతు వెడల్పులో 0.7 వంతు. 140 మైక్రాన్ల వెడల్పుకు దాదాపు 100 మైక్రాన్లు.

5. ఎలక్ట్రానిక్స్: నాయిస్ కంటే ఆఫ్‌సెట్ పెద్ద శత్రువు

అందరూ నాయిస్ గురించి టెన్షన్ పడతారు. లెక్క చూడండి. రెండు థర్మోపైల్స్ కలిపి 50 కిలోఓమ్‌లు అనుకుంటే వాటి థర్మల్ నాయిస్ రూట్ హెర్ట్జ్‌కు 29 నానోవోల్టులు. 10 హెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌లో 0.09 మైక్రోవోల్టు. కెల్విన్‌కు 3 మిల్లీవోల్టుల దగ్గర అది 30 మైక్రోకెల్విన్లు. అద్భుతం.

ఇప్పుడు మామూలు సీమాస్ ఆంప్లిఫయర్ ఆఫ్‌సెట్ 5 మిల్లీవోల్టులు అనుకోండి. అదే కొలమానంలో 1.7 కెల్విన్లు. మీ సిగ్నల్ మొత్తం దానికింద మునిగిపోతుంది. చాపర్ (ఇన్‌పుట్‌ను వేగంగా అటూ ఇటూ తిప్పి ఆంప్లిఫయర్ ఆఫ్‌సెట్‌ను తగ్గించే స్విచ్‌ల ఏర్పాటు) పెట్టి 10 మైక్రోవోల్టులకు దించినా, పైన చెప్పిన నాయిస్‌కు అది 110 రెట్లు.

కాబట్టి చాపర్ తప్పనిసరి, దానితో రెండు జాగ్రత్తలు.

మొదటిది, చాపర్ స్విచ్‌లు ఇన్‌పుట్ కెపాసిటర్‌ను మాటిమాటికీ అటూ ఇటూ నింపుతుంటాయి. 20 కిలోహెర్ట్జ్, 2 పికోఫ్యారడ్‌లైతే అది 12.5 మెగాఓమ్‌ల నిరోధంలా కనిపిస్తుంది. 50 కిలోఓమ్‌ల సెన్సర్‌తో కలిస్తే 0.4% గెయిన్ తగ్గుతుంది. అది క్యాలిబ్రేషన్‌లో సర్దుకుంటుంది. ఫ్రీక్వెన్సీని, ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్ సైజును ఇష్టమొచ్చినట్టు పెంచితే మాత్రం సర్దుకోదు.

రెండోది, సెన్సర్‌కు సొంత ఆఫ్‌సెట్ ఉంటుంది. మాస్క్ అమరికలో, ఎచింగ్‌లో వచ్చే చిన్న తేడాల వల్ల గాలి కదలకపోయినా రెండు థర్మోపైల్స్ సమానంగా వేడెక్కవు. దీన్ని చాపర్ చూడలేదు, దాని దృష్టిలో అదీ సిగ్నలే. ఇక్కడే రెండు హీటర్లు పనికొస్తాయి. ఒకదానికి కాస్త ఎక్కువ, రెండోదానికి అంతే తక్కువ పవర్ ఇచ్చి, ప్రవాహం లేనప్పుడు అవుట్‌పుట్‌ను సున్నాకు తెస్తాం. ఆ తేడాను మొత్తం పవర్‌లో నిష్పత్తిగా ఇవ్వండి. సెన్సర్ ఆఫ్‌సెట్ పవర్‌తోపాటే పెరిగి తగ్గుతుంది గనుక, హీటర్ పవర్ మారినా సవరణ నిలబడుతుంది. చివర్లో సాఫ్ట్‌వేర్‌లో ఒక అంకె తీసేస్తే ఈ లాభం రాదు.

చిప్ మీద స్థానాలు:

- వేడెక్కే బ్లాక్‌లు, అంటే రెగ్యులేటర్, అవుట్‌పుట్ డ్రైవర్, సెన్సర్ మధ్యరేఖ మీదే ఉండాలి. పక్కకు జరిగితే ఒక థర్మోపైల్ చల్లటి కొన రెండోదానికంటే వేడెక్కుతుంది.
- చాపర్ ఇన్‌పుట్ తీగలు రెండూ ఒకే పొడవు, ఒకే దారి.
- చిప్ ఉష్ణోగ్రత కొలిచే బైపోలార్ సెన్సర్ ఒకటి. క్యాలిబ్రేషన్‌కు ఇది లేకపోతే కళ్లు లేనట్టే.

6. ఫౌండ్రీకి పంపేముందు

- వంతెన ప్రాంతంలో డమ్మీ మెటల్, డమ్మీ పాలీ, డమ్మీ యాక్టివ్ రాకుండా ఆపే లేయర్లు గీశారా?
- గుంట అంచు నుంచి ట్రాన్సిస్టర్లకు ఎచింగ్ వ్యాపించే దూరం కంటే ఎక్కువ ఎడం ఉందా?
- హీటర్‌కు, ఒక్కో థర్మోపైల్‌కు విడిగా కొలిచే ప్యాడ్‌లు ఉన్నాయా?
- ఆంప్లిఫయర్ ఇన్‌పుట్‌లను షార్ట్ చేసే స్విచ్ ఉందా?

మొదటి ప్రశ్న నా సొంత దెబ్బ. మా తొలి చిప్‌లో డమ్మీ ఆపే లేయర్ పెట్టడం మరిచాను. మెటల్ సాంద్రత సరిచేసే ఆటోమేటిక్ ప్రోగ్రామ్ నా అందమైన వంతెన మీద చిన్న చిన్న అల్యూమినియం పలకలు పరిచింది. వేడి వాటిగుండా పక్కకు జారిపోయింది. ఓపెనింగ్‌లో పడ్డ పలకలు ఎచింగ్‌ను ఆపేశాయి. చిప్ అందంగానే ఉంది. ఇప్పటికీ నా టేబుల్ మీద పేపర్ వెయిట్ కింద అంటించి ఉంది.

7. చిప్ వచ్చాక ఎచింగ్

మల్టీ ప్రాజెక్ట్ వేఫర్‌లో (పలువురి డిజైన్లు పంచుకునే వేఫర్‌లో) మీకొచ్చేది కోసేసిన విడి చిప్‌లు. అది మంచిదే. వేఫర్ మొత్తం ఎచ్ చేసి తర్వాత కోస్తే, కోత యంత్రం నీటి ధారకే వంతెనలు కొట్టుకుపోతాయి. ముందు కోత, తర్వాత ఎచింగ్.

ఎచింగ్‌కు రెండు దారులు.

టీఎమ్‌ఏహెచ్ ద్రావణం: సుమారు 5% గాఢత, 85 నుంచి 90 డిగ్రీల సెల్సియస్. ఊరికే వాడితే ప్యాడ్‌ల మీది అల్యూమినియాన్ని తినేస్తుంది. సిలిసిక్ యాసిడ్ కలిపితే అల్యూమినియం నిలుస్తుంది, కొద్దిగా అమ్మోనియం పర్‌సల్ఫేట్ కలిపితే సిలికాన్ ఉపరితలం నున్నగా వస్తుంది. పర్‌సల్ఫేట్ వేడికి విచ్ఛిన్నమవుతుంది, కాబట్టి నిన్నటి ద్రావణం ఈరోజు పనికిరాదు. పని గంటల మీద నడుస్తుంది. పొటాషియం హైడ్రాక్సైడ్ చౌకే గానీ, పొటాషియం అయాన్లు ట్రాన్సిస్టర్లకు చేటు. ఎలక్ట్రానిక్స్ ఉన్న చిప్‌కు వద్దు.

జినాన్ డైఫ్లోరైడ్: ఇది వాయువుగా పనిచేస్తుంది. అల్యూమినియాన్ని, ఆక్సైడ్‌ను దాదాపు ముట్టుకోదు, తడి అసలే లేదు. కానీ అన్ని దిశల్లో తింటుంది. కోసిన చిప్ పక్కగోడల్లో సిలికాన్ బయటికి కనిపిస్తుంటుంది, దాన్నీ తింటుంది. అంచులకు, అడుగుకు ఫోటోరెసిస్ట్ పూయాలి.

వరస ఇది:

1. ఓపెనింగ్‌లో మిగిలిన ఆక్సైడ్‌ను ప్లాస్మా ఎచింగ్‌తో తీసేయండి. సిలికాన్ మీద సహజంగా పట్టిన పలచటి ఆక్సైడ్ కూడా పోవాలి, లేకపోతే టీఎమ్‌ఏహెచ్ అక్కడక్కడే పనిచేస్తుంది.
2. అడుగు, అంచులు కప్పండి.
3. మొదట ఒక్క చిప్‌నే ఎచ్ చేసి చూడండి. పదీ ఒకేసారి వేయకండి.
4. మధ్యలో తీసి మైక్రోస్కోప్ కింద చూడండి. అడుగు తెగిన చోట రంగు మారుతుంది.
5. కడగడం నీటితో, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో. నైట్రోజన్ గన్ నేరుగా కొట్టకండి. చిప్‌ను ఏటవాలుగా పెట్టి ఆరనివ్వండి.

భద్రత విషయంలో సరదా వద్దు. టీఎమ్‌ఏహెచ్ చర్మం ద్వారా ఒంట్లోకి పోయి ప్రాణం తీయగలదు. "కొంచెమే కదా" అన్న మాట అక్కడ చెల్లదు. జినాన్ డైఫ్లోరైడ్ తేమ తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ విడుదల చేస్తుంది. మన తీరప్రాంతపు గాలిలో తేమకు కొదవలేదు. శిక్షణ ఉన్న క్లీన్‌రూమ్‌లోనే ఈ పని జరగాలి, కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో కాదు.

బెంగళూరులో ఎచ్ చేసిన చిప్‌లు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ కుదుపులకు పగులుతాయేమో అని అడుగుతుంటారు. పగలవు, వంతెన బరువు అంత తక్కువ. వాటిని చంపేవి వేలి కొస, నీటి చుక్క, ట్వీజర్.

8. మొదటి కొలతలు ఈ వరసలో

1. హీటర్ ఆఫ్, ఇన్‌పుట్ షార్ట్. వచ్చేది ఆంప్లిఫయర్ ఆఫ్‌సెట్.
2. షార్ట్ తీయండి, హీటర్ ఆఫ్‌లోనే ఉంచండి. ఇప్పుడు తేడా వస్తే లీకేజీ, లేదా చిప్ మీద ఉష్ణ వాలు.
3. గొట్టం మూసి హీటర్ ఆన్. పెరిగింది సెన్సర్ ఆఫ్‌సెట్. పవర్ సగం చేస్తే అదీ సగం కావాలి.
4. రెండు హీటర్లతో సున్నాకు తెచ్చాక మాత్రమే గ్యాస్ వదలండి.

ఈ వరస తప్పితే ఏ ఆఫ్‌సెట్ ఎక్కడిదో జీవితంలో తేలదు.

9. తరచూ ఎదురయ్యేవి, వాటి మందు

హీటర్ ఆన్ చేసినా థర్మోపైల్ దాదాపు పలకడం లేదా? వంతెన ఇంకా సిలికాన్‌కు అంటుకునే ఉంది. మళ్లీ ఎచింగ్.

మైక్రోస్కోప్ లైటు వేస్తే రీడింగ్ మారుతోందా? అక్రిలిక్ దిమ్మ పారదర్శకం. వెలుతురు చిప్‌లోని జంక్షన్లలో కరెంటు పుట్టిస్తుంది. నల్ల టేప్ చుట్టండి. దీనికోసం ఒక కుర్రాడు రెండు వారాలు సర్క్యూట్ సిమ్యులేట్ చేశాడు.

సున్నా దగ్గర రీడింగ్ ఊగుతోందా? గొట్టం ఒక చివర తెరిచి ఉంటే ఏసీ ఆన్ అయినప్పుడల్లా గాలి అటూ ఇటూ ఆడుతుంది. రెండు చివరలూ మూయండి, గొట్టాన్ని పొట్టిగా ఉంచండి.

ప్రవాహం పెంచినా సిగ్నల్ తక్కువేనా? దిమ్మకు, చిప్‌కు మధ్య సందులోంచి గ్యాస్ కారుతోంది. సబ్బు నీళ్లతో చూడాలంటే వైర్ బాండ్‌లకు దూరంగా, గొట్టం అతుకుల దగ్గర మాత్రమే.

10. విశాఖ వాతావరణంలో క్యాలిబ్రేషన్

మాస్ ఫ్లో కంట్రోలర్ (గ్యాస్ ప్రవాహాన్ని కోరిన విలువ దగ్గర నిలిపే పరికరం) అందుబాటులో లేకపోతే బ్యూరెట్, సబ్బు బుడగ చాలు. బుడగ 10 మిల్లీలీటర్లను 6 సెకన్లలో దాటితే నిమిషానికి 100 మిల్లీలీటర్లు. చాలామంది దీన్నే 100 ఎస్‌సీసీఎమ్ అని రాసేస్తారు. కాదు.

ల్యాబ్ 30 డిగ్రీలుంటే, 0 డిగ్రీలను ప్రామాణికంగా తీసుకున్నప్పుడు 273ను 303తో భాగించి గుణించాలి. 90 వస్తుంది. పైగా సబ్బు నీటి మీదుగా పోయిన గ్యాస్ తేమతో నిండిపోతుంది. 30 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం 4.2 కిలోపాస్కల్స్, అంటే మొత్తంలో 4%కు పైనే. అదీ తీసేస్తే మిగిలేది సుమారు 86. మే నెల మధ్యాహ్నం చేసిన క్యాలిబ్రేషన్ జనవరి ఉదయానికి సరిపోకపోతే, తప్పు చిప్‌ది కాకపోవచ్చు. కొన్ని కంపెనీలు 20 లేదా 25 డిగ్రీలను ప్రామాణికంగా వాడతాయి, ఏది వాడారో నోట్‌బుక్‌లో రాసుకోండి.

బుడగ మీటర్ ఎప్పుడూ సెన్సర్‌కు దిగువనే ఉండాలి. ఎగువన పెడితే తేమ గ్యాస్ గుంటలోకి పోతుంది.

కొలిచే పాయింట్లు సున్నా దగ్గర దట్టంగా, పైన పలచగా తీసుకోండి. ప్రవాహం పెంచుతూ ఒకసారి, తగ్గిస్తూ ఒకసారి కొలవండి. రెండూ కలవకపోతే లీక్, లేదా ఉష్ణోగ్రత ఇంకా నిలబడలేదు. నైట్రోజన్ సిలిండర్ రెగ్యులేటర్ తెరిచాక అరగంట ఆగడం మంచిది.

మిగిలిన చిప్‌లను దాచడం. ఉప్పుగాలికి ప్యాడ్‌ల అల్యూమినియం మచ్చలు పడుతుంది, తర్వాత బాండ్ పట్టదు. డెసికేటర్ లేకపోతే అప్పడాలు దాచే బిగుతు మూత స్టీలు డబ్బా, అందులో నీలం సిలికా జెల్ చాలు. జెల్ గులాబీ రంగుకు తిరిగితే 120 డిగ్రీల దగ్గర ల్యాబ్ ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. వంటింటి ఓవెన్‌లో మాత్రం వద్దు, ఆ నీలం రంగు కోబాల్ట్‌ది. ఆ డబ్బాలో ఆ తర్వాత అప్పడాలూ పెట్టకండి.